యోనా సారు నమూనా పేజీ

దుమ్ముగూడెం దాటి నాలుగు కిలోమీటర్లు పోయాక బస్సు వెనక టైరు కూర్చుంది. డ్రైవరు దిగి దాన్ని కాలితో ఒకసారి తన్ని, అది తన మాట వినే రకం కాదని తేల్చుకుని, వేపచెట్టు నీడకు పోయి సెల్‌ఫోను తీశాడు. ఇటు మిర్చి చేను, అటు మిర్చి చేను. కల్లాల్లో ఆరబోసిన కాయ మీదుగా వచ్చే మార్చి గాలికి దిగినవాళ్లు దిగినట్టే తుమ్మడం మొదలుపెట్టారు.

దిగిన పదిహేను మందిలో యోనా ఒకడు. వయసు అరవై రెండు. చంకలో రెగ్జిన్ సంచి. సంచిలో మంచినీళ్ల సీసా, బీపీ మాత్రలు, ఒక కవరు. కవరులో తన చేతిరాతతో ఒక పేజీ ఉత్తరం. పర్ణశాల దాటి నాలుగు కిలోమీటర్ల లోపల ఉన్న ఊళ్లో కన్నమ్మ అనే పాత విద్యార్థిని చేతిలో ఆ ఉత్తరం పెట్టాలి. పదమూడేళ్ల కిందట ఆమె మీద తాను రాసిన నాలుగైదు వాక్యాలను వెనక్కి తీసుకోవాలి. ఆ ఉత్తరం పట్టుకుని ఆమె జూన్‌లో ఆశ్రమ పాఠశాల కాంట్రాక్టు టీచరు పోస్టుకు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇంతే పని. ఈ ఒక్క పనీ అయితే మిగతా జీవితాన్ని ఎట్లాగో లాక్కురావచ్చని అతని ఆశ.

వెనకనుంచి రూప్‌సింగ్ షేరింగ్ ఆటో వచ్చింది. వెనక సీట్లలో అప్పటికే ఆరుగురు ఆడవాళ్లు, రెండు ఖాళీ గంపలు.

"రాండ్రి సార్, ముందట పడతరు" అన్నాడు రూప్‌సింగ్, తన సీటులో జానెడు జరిగి.

"నేను పడతనా?"

"మొన్న గీడ్నే ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టిన్రు సార్. మీరెంత."

యోనా ఒక తొడ మీద కూర్చుని, అద్దం కడ్డీ పట్టుకున్నాడు. ఆటో కదిలింది. వెనకనుంచి ఒక ఆడమనిషి కోయలో గుక్క తిప్పుకోకుండా ఏదో చెబుతోంది. మధ్యలో గొంతు బొంగురు చేస్తుంది, దగ్గుతుంది, మళ్లీ సన్నగా సాగదీస్తుంది. మిగతావాళ్లు నవ్వలేక ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఈ అడవి అంచున ముప్పయ్యేళ్లు బతికినా యోనాకు ఆ భాష రాదు. అక్కడ ఎవరికీ చెప్పుకోవాల్సిన లోపంగా అది కనిపించదు. కోర్టు గుమాస్తాకు రాదు, దవాఖానా నర్సుకు రాదు, సైకాలజీ సారుకు మాత్రం ఎందుకు వస్తుంది? రూప్‌సింగ్‌ది లంబాడా తండా. అయినా హ్యాండిల్ మీద వాలి నవ్వుతున్నాడు.

"ఏమంటుందయ్యా?"

"వెంకటప్పయ్య ఆసామి లేడా సార్, ఆంధ్రనుంచొచ్చి ఇరవై ఎకరాలు కౌలు పట్టిండు. ఆయనలెక్క చేస్తుంది. వీళ్లు తెల్లబడ్డ తాలుకాయ ఏరుతుంటె ఆయన వెనక నిలబడి కొంగులల్ల కాయ దాస్తున్నరేమోనని తొంగిచూస్తడంట. ఘాటుకు తుమ్మొస్తదంట. తుమ్మితె ఆయన ఉన్నట్టు తెలుస్తదని ముక్కు పట్టుకుంటడంట." రూప్‌సింగ్ తన ముక్కు తనే పట్టుకుని చూపించాడు. ఆటో రోడ్డు దిగి మళ్లీ ఎక్కింది.

యోనాకు నవ్వు రాలేదు గానీ, అలవాటుగా మనసులో ఒక గడి నిండింది: బహిర్ముఖి, అనుకరణ శక్తి ఎక్కువ, సమూహ నాయకత్వం. మనుషులను చూస్తే అతనికి అట్లా గళ్లు నిండుతాయి. టికెట్ మిషన్ నొక్కితే టికెట్ వచ్చినట్టు.

మనిషిని ముక్కలుగా విడగొట్టి చూడాలనే దురద ఈనాటిది కాదు. గ్రీకు వైద్యులు మనిషిలో నాలుగు రసాలున్నాయని, ఏ రసం పొంగితే ఆ స్వభావమని అన్నారు. మనవాళ్లు మూడు గుణాలతో సరిపెట్టారు. లావుగా ఉన్నవాడు సుఖప్రియుడు, సన్నగా ఉన్నవాడు ముభావి అని ఒంటిని కొలిచి చెప్పినవాళ్లున్నారు. మనిషి లోపల అచిత్తు, అహం, అధ్యహం అని ముగ్గురు కాపురముంటారని, ఒకడు కావాలంటాడని, ఒకడు కూడదంటాడని, మధ్యవాడు ఇద్దరి మధ్యా నలుగుతాడని వియన్నాలో ఒక డాక్టరు చెప్పాడు. చూపు లోపలికా బయటికా అని ఇంకో డాక్టరు జనాన్ని రెండు గుంపులు చేశాడు. తర్వాతివాళ్లు నిఘంటువు ముందేసుకుని స్వభావాన్ని చెప్పే మాటలన్నీ ఏరి, ఉడకబెట్టి, అయిదు లక్షణాలకు దించారు. ఒక్కొక్కటీ కొంత నిజమే. సంతలో ప్రతి తక్కెడా కొంత నిజమే చెప్పినట్టు.

యోనా ఈ తక్కెడలన్నిటినీ ప్రేమించాడు. తండ్రి ఖమ్మంలో ఒక మిషన్ హాస్టల్లో వంటమనిషి. రోజంతా ఎవరితోనూ మాట్లాడడు, రాత్రి ప్రార్థనలో మాత్రం వెక్కివెక్కి ఏడుస్తాడు. ఎందుకో ఎవరికీ చెప్పేవాడు కాదు. ఆ ఏడుపుకు కారణం పుస్తకాల్లో దొరుకుతుందని కొడుకు దూరవిద్యలో ఎమ్మే సైకాలజీ చదివాడు. కారణం దొరకలేదు గానీ ఉద్యోగం దొరికింది. భద్రాచలంలో ఒక ప్రైవేటు డీఎడ్ కాలేజీ, నెలజీతం నాలుగు నెలలకోసారి. అక్కడ ఇరవై రెండేళ్లు.

పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. మనసులో పైకి కనిపించేది కొంచెం, మునిగి ఉన్నది ఎక్కువ అని చెప్పడానికి పుస్తకాలు మంచుకొండ బొమ్మ వేస్తాయి. భద్రాచలంలో మంచుకొండ ఎవడు చూశాడు? యోనా గోదావరి వరదను బోర్డు మీద గీసేవాడు. నలభై మూడు అడుగులకు మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. "నీళ్లు అచిత్తు. కట్ట అహం. మైకు పట్టుకుని హెచ్చరిక చెప్పేటోడు అధ్యహం. ఇప్పుడు మర్చిపోండి చూస్తా" అనేవాడు. టెట్ పరీక్షలో ఆ ప్రశ్న వస్తే అతని పిల్లలెవరూ తప్పేవాళ్లు కాదు.

పదమూడేళ్ల కిందట ఆ క్లాసులో మూడో బెంచీలో కన్నమ్మ ఉండేది. రెండేళ్లలో అతను ఆమె గొంతు విన్నది అటెండెన్సులోనే. ప్రశ్న వేస్తే లేచి నిలబడి బల్ల అంచును గోటితో గీకేది. ఆమె కోర్సు పూర్తయిన ఏడాది ఆశ్రమ పాఠశాలలకు కాంట్రాక్టు టీచర్లను తీసుకుంటూ ఆఫీసువాళ్లు అభ్యర్థుల మీద సైకాలజీ సారు అభిప్రాయం అడిగారు. ఏ ఆఫీసువాళ్లూ అంతకుముందు అతన్ని ఏ అభిప్రాయమూ అడిగి ఉండలేదు. ఆ పొంగులో రాత్రంతా కూర్చుని ఒక్కొక్కరికి ఒక పేజీ రాశాడు. కన్నమ్మ పేజీలో ఇట్లా రాశాడు: 'ఈమె అంతర్ముఖి. తన లోకంలో తాను ఉంటుంది. అడిగితే తప్ప పలకదు, అడిగినా తల వంచుకుంటుంది. చొరవ, నాయకత్వ లక్షణాలు కనిపించవు. నలుగురిలో నిలబడి చేసే పనికి తగదు.'

ఆమెకు ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

యోనాకు ఆ పేజీ ఎంత నచ్చిందంటే, దానిమీది పేరు కొట్టేసి, 'విద్యార్థిని క' అని పెట్టి, తర్వాతి బ్యాచ్‌లకు నమూనాగా ఇచ్చాడు. డీఎడ్ చదివే ప్రతివాడూ ఒక పిల్లవాణ్ణి నెలరోజులు గమనించి వ్యక్తి అధ్యయనం అని ఒక రికార్డు రాయాలి. నెలరోజులు గమనించే ఓపిక ఎవడికుంది? కాలేజీ ఎదుటి జిరాక్సు షాపులో నమూనా దొరుకుతుంది. పేరు మార్చి ఎక్కించడమే. యోనాకు తెలుసు. తెలిసీ సంతకాలు పెట్టాడు. రికార్డుల్లో తన వాక్యాలే మళ్లీమళ్లీ ఎదురవుతుంటే, నిజం చెప్పొద్దూ, సంతోషంగానే ఉండేది.

తర్వాత కాలేజీ మూతపడింది. కోచింగ్ సెంటరులో కొన్నాళ్లు చెబితే, సెల్‌ఫోనులో పాఠాలొచ్చి అదీ పోయింది. పోయిన నెల భద్రాచలం బస్టాండులో నాగలత కనిపించింది. కన్నమ్మతో హాస్టల్లో ఒకే గదిలో ఉన్న పిల్ల, ఇప్పుడు టీచరు. పాత కబుర్లలో యోనా "ఆ కన్నమ్మ పాపం, నోట్ల నాలుక లేని పిల్ల" అన్నాడు.

నాగలత వింతగా చూసింది. "కన్నమ్మకా సార్? మమ్మల్ని నిద్రపోనిచ్చేది కాదు. వార్డెన్‌ను, మిమ్మల్ని, అందర్నీ చేసి చూపిచ్చేది. మీ క్లాసులనే మాట్లాడేది కాదు. తెలుగు తప్పు పోతదని. మొదటివారం అది ఏదో అంటే అందరం నవ్వినం కద. మీరు గూడ నవ్విన్రు."

అతనికి ఆ నవ్వు గుర్తు రాలేదు. అదే అతన్ని నిద్రకు దూరం చేసింది. మూడో రాత్రి భార్య రిబ్కాతో చెప్పాడు. ఆమె గుడ్డలు మడతపెడుతూ, "నలభై ఏండ్లాయె నన్ను చేసుకుని. నేను ఏ గుంపుల ఉన్ననో ఎన్నడన్న సరిగ చెప్పినవా? ఆ పిల్ల నీకు రెండేండ్లే కనపడె" అంది. ఆ తర్వాతే అతను ఉత్తరం రాశాడు.

చాయ్ బడ్డీ దగ్గర రూప్‌సింగ్ ఆటో ఆపాడు. ఆడవాళ్లు దిగి కాళ్లు చాపుకున్నారు. వాళ్లలో పెద్దామె, "కన్నమ్మా, నీకు చాయా, నీళ్లా?" అని తెలుగులోనే అడిగింది.

యోనా వెనక్కి తిరిగాడు. ఇంతసేపూ ఆసామిని అనుకరించిన మనిషి గంప మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటోంది. ఎండకు నల్లబడ్డ ముఖం. మూడో బెంచీ పిల్లను అందులో వెతుక్కోవలసి వచ్చింది.

"కన్నమ్మా, నువ్వా?"

"అవ్ సార్. మీరు ఎక్కంగనే గుర్తుపట్టిన."

"మరి పలకరించలేదేంది?"

"మీ ముందట నాకు మాట రాదు కద సార్" అంది ఆమె. పెద్దామె జంపక్క ఫక్కుమంది. "దీనికి మాట రాదా? ఏ దవాఖానాల చూపిచ్చిన్రు సార్, దినమంతా మా చెవులు తింటది."

యోనా నవ్వలేదు. సంచి తీసి, కవరు తీసి, రెండు చేతులతో ఇచ్చాడు. ఊళ్లో, ఆమె ఇంట్లో కూర్చుని నిదానంగా చెబుదామనుకున్న మాటలన్నీ మరచిపోయి, "నీ కోసమే వస్తున్న. చదువు" అన్నాడు.

కన్నమ్మ చదివింది. పెదవులు కదపకుండా, టీచరు కావలసిన మనిషి చదివినట్టే చదివింది. ఉత్తరంలో మొదట అతను పాత వాక్యాలు ఉన్నవి ఉన్నట్టే ఎత్తి రాశాడు. దాని కింద, అవి తప్పని, ఈమె నిజానికి బహిర్ముఖి అని, చొరవ, నాయకత్వం పుష్కలమని, ఏ తరగతినైనా నడపగలదని రాశాడు. ఆమె కళ్లు మొదటి భాగం దగ్గరే ఆగిపోయాయి. మళ్లీ పైనుంచి చదివింది.

"ఈ మాటలు నా మీద రాసిన్రా?"

"రాసిన. తప్పయింది."

ఆమె రవికెలోంచి చిన్న సంచి, అందులోంచి ఫోను తీసింది. ఒక ఫొటో తెరిచి అతని ముందు పెట్టింది. "ఇవాళ దుమ్ముగూడెం హాస్టల్ పోయొస్తున్న. నా బిడ్డ కళ్యాణి, నాలుగో తరగతి. పెద్ద స్కూలుకు పంపేటోళ్ల లిస్టుల పేరుండె, తీసేసిన్రు. ఎందుకు తీసిన్రంటె ఈ కాయితం చూపెట్టిన్రు. ఫొటో కొట్టుకున్న."

యోనా కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు. 'ఈమె అంతర్ముఖి. తన లోకంలో తాను ఉంటుంది. అడిగితే తప్ప పలకదు, అడిగినా తల వంచుకుంటుంది...' ఒక్క కామా కూడా మారలేదు. 'నలుగురిలో నిలబడి చేసే పనికి తగదు' అన్న చోట తొమ్మిదేళ్ల పిల్లకు అది అతకదని కూడా ఎవరూ చూడలేదు. కింద సతీష్ అని సంతకం. కాలేజీ చివరి బ్యాచ్ పిల్లవాడు, ఇప్పుడు కళ్యాణి సారు. చురుకైనవాడు, జిరాక్సు షాపుకు అందరికంటే ముందు పోయేవాడు.

"సార్, ఇది నా మీద రాసిందా, నా బిడ్డ మీద రాసిందా?" అని అడిగింది కన్నమ్మ. వెటకారం లేదు. నిజంగానే అడుగుతోంది.

బడ్డీలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. బడ్డీవాడు తిట్టుకున్నాడు. యోనా లెక్క వేసుకున్నాడు. ఆ నమూనా ఇచ్చిన ఏళ్లన్నీ, ఏడాదికి వందమంది. వాళ్లలో ఎంతమంది ఎన్ని బళ్లలో, ఎంతమంది పిల్లల పేర్ల కింద ఆ అయిదు వాక్యాలు ఎక్కించి ఉంటారు? పినపాకలో, చర్లలో, గోదావరికి ఆ దరిన, ఈ దరిన, బల్ల అంచు గీకుతూ నిలబడ్డ ప్రతి పిల్లా విద్యార్థిని క. ఒక్క కాగితం వెనక్కి తీసుకుందామని బయలుదేరినవాడు, పారబోసిన నూనెను ఎత్తుకుందామని వంగినవాడిలా ఉన్నాడు.

"నీ ఉద్యోగానికి ఆ ఉత్తరం..." అని మొదలుపెట్టాడు.

"నాకెందుకు సార్ ఇంక. మా ఊరి బడి మూసి మూడేండ్లాయె. పిల్లలందర్ని హాస్టళ్లకు తోలిన్రు." ఆమె ఉత్తరం చివరి భాగం ఇప్పుడు చదివింది. ఈసారి పెదవి వంకరపోయింది. "గిది గూడ గట్లనే ఉంది కద. అప్పుడు అటు రాసిన్రు, ఇప్పుడు ఇటు రాసిన్రు. మా ఇంట్ల అడుగున్రి, మా అత్తను. మూగదంటది నన్ను. మా ఆయన పోయినకాంచి ఇంట్ల నేను మాట్లాడ. కల్లంల అడుగున్రి, నోరు మూయదంటరు. మీ పుస్తకంల నేను ఏడున్న సార్?"

"ఉభయముఖి అని ఇంకోటి..." అనబోయి యోనా ఆగిపోయాడు. ఆ మాట తన నోట్లోకి ఎంత జల్దీ వచ్చిందో చూసి అతనికే భయమేసింది.

రూప్‌సింగ్ గ్లాసు కడిగి పెడుతూ, "సారు రాసేదేదో బిడ్డకు రాస్తరు గదా, అడుగు" అన్నాడు.

కన్నమ్మకు ఆ మాట తగిలింది. ఉత్తరాన్ని తిరగేసి, ఖాళీగా ఉన్న వెనకవైపు పైకి పెట్టి అతనికి చాచింది. "అవ్ సార్. నా బిడ్డకు రాయున్రి. మీరు పెద్దసారు, మీ మాట మీద ఆ సతీష్ సారు మాట నిలవదు. సోమవారం లిస్టు పోతదంట. రేపు నేను పట్కపోయి ఇస్త."

యోనా పెన్ను తీశాడు. సంచిని ఒళ్లో బల్లలా పెట్టుకుని 'కళ్యాణి, నాలుగో తరగతి' అని రాశాడు. రెండో వాక్యం రాలేదు. ఆ పిల్లను అతను చూసి ఎరగడు.

"ఎట్ల ఉంటది బిడ్డ?"

"కోయల పాడతది. తెలుగుల పాడమంటె పాడదు. చీకటంటె భయం. తమ్ముణ్ణి కొడతది. పిట్టను కొడితె మాత్రం కొట్టినోణ్ణి కొరుకుతది. ఒక్కో దినం అన్నం తినదు, ఎందుకో చెప్పదు. ఒక్కో దినం నవ్వి నవ్వి పడతది." ఇంకా ఏదో ఉందన్నట్టు వేళ్లు ఆడించింది.

ఆమె చెబుతున్నంతసేపూ యోనా లోపల మిషన్ టికెట్లు కొడుతూనే ఉంది. చీకటంటే భయం: ఉద్వేగ అస్థిరత. తమ్ముణ్ణి కొట్టడం: అచిత్తు. పిట్టను కొట్టనివ్వకపోవడం: అధ్యహం. అన్నం మానడం: దమనం. వద్దనుకున్నా ఆగదు. తల్లి మాటల్లోంచి ఒక పిల్ల ఇటు నడిచి వస్తుంటే, అడుగు అడుగుకీ అతను ఒక ముక్క కోసి గళ్లో వేస్తున్నాడు. ఆమె చెప్పడం ముగిసేసరికి గళ్లన్నీ నిండాయి, పిల్ల మాత్రం లేదు.

తన తండ్రి గుర్తొచ్చాడు. ఆయన ఏడుపుకు కూడా ఇన్నేళ్లుగా మంచి పేర్లు పెట్టాడు తప్ప, ఒక్కసారి పక్కన పోయి కూర్చోలేదు.

అతను పెన్ను మూత పెట్టి, కాగితం ఆమె చేతికి తిరిగిచ్చాడు.

"నేను రాయలేను కన్నమ్మా."

"రాయలేరా, రాయరా?"

"నేను ఏం రాసినా మళ్ల గదే అయితది."

"మంచిగ రాయున్రి సార్. అంతే కద."

"మంచిగ రాసినా గదే."

కన్నమ్మకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే అవసరం ఆమెకు లేదు. సోమవారం లిస్టు పోతుంది, అది మాత్రం తెలుసు. "నా మీద గంత పేజీ రాసిన్రు, చూడకనే. నా బిడ్డకు నాలుగు ముక్కలు రాయనీకి చెయ్యి రాలేదా?" అంది. గొంతు పెంచలేదు. జంపక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పోనీ తియ్యే" అంది.

సతీష్ దగ్గరికి తానే పోవచ్చని యోనాకు తట్టకపోలేదు. పోతే ఏమవుతుందో కూడా తెలుసు. పిల్లవాడు కుర్చీ వేస్తాడు, చాయ్ తెప్పిస్తాడు, కాళ్లకు దండం పెడతాడు. "సార్, ఇది మీరిచ్చిందే కద" అంటాడు గర్వంగా. ఆ గది బీరువాలో ఒకదాని మీద ఒకటి ఎన్ని రికార్డులుంటాయో.

"ఎక్కున్రి ఎక్కున్రి, పొద్దువోతుంది" అని రూప్‌సింగ్ తొందరపెట్టాడు. గంపలు ఎక్కాయి, ఆడవాళ్లు ఎక్కారు. కన్నమ్మ, వెనకవైపు పేరు, తరగతి తప్ప ఏమీ లేని ఆ కాగితాన్ని మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుంది. ముందు సీటులో జానెడు చోటు ఖాళీగా ఉంది.

యోనా లేచాడు. సంచి చంకన పెట్టుకున్నాడు. ఆటోవైపు రెండు అడుగులు వేసి, దాన్ని దాటి, వచ్చిన దారినే దుమ్ముగూడెం వైపు నడవసాగాడు.

"సార్, హాస్టల్ కాడికా? ఇయ్యాల గేటు తియ్యరు, టైమైపోయింది" అని కేకేశాడు రూప్‌సింగ్.

హాస్టల్ దగ్గరికో, టైరు కూర్చున్న బస్సు దగ్గరికో, ఆ పోయే మనిషికి తెలిసినట్టు లేదు. ఎదురుగా మిర్చి బస్తాల ట్రాక్టరు వస్తే మట్టిలోకి దిగాడు, పోయాక మళ్లీ తారురోడ్డెక్కాడు.

"సార్" అని పిలిచింది కన్నమ్మ. రెండోసారి పిలవబోయి మానుకుంది. అతను తల తిప్పలేదు, చెయ్యి ఎత్తలేదు. ట్రాక్టరు లేపిన దుమ్ము సద్దుమణిగేసరికి మలుపు తిరిగిపోయాడు.